చిత్రిక పట్టని వైపు

తాతయ్య కట్టిన పెంకుటిల్లు పోయినేడాది పడగొట్టేశారు. దూలాలు, వాసాలు, తలుపులు అన్నీ పాత కలప కొనేవాళ్లు ట్రాక్టర్లో ఎక్కించుకుపోయారు. వంటింటి గుమ్మం మాత్రం విరిగిందని వదిలేశారు. దాని నిలువు చెక్కలు రెండూ కారు డిక్కీలో వేసుకుని హైదరాబాద్ వచ్చేశా. ఏం చేస్తానో అప్పటికి నాకే తెలీదు.

యూట్యూబ్ చూసి చిన్న పెట్టెలు చేద్దామనుకున్నా. ముందు ఒక చెక్కని టింబర్ డిపోకి తీసుకెళ్లి అరంగుళం పలకలుగా కోయించా. కోయించే ముందు అయస్కాంతం తిప్పి మేకులు వెతకాలి. లోపల ఒక్క మేకున్నా రంపం బ్లేడు పాడవుతుంది. నా చెక్కలో ఏడు దొరికాయి. అన్నీ మామిడి తోరణాలకి కొట్టినవే అయ్యుంటాయి.

టేకు చూడ్డానికి సాఫ్ట్‌గా ఉంటుంది గానీ అందులో సిలికా ఉంటుంది. పది నిమిషాలు చిత్రిక పడితే బ్లేడు మొద్దుబారిపోయేది. పైగా చెక్కలోనే నూనె ఉంటుంది కాబట్టి అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించకపోతే జిగురు సరిగ్గా పట్టదు. ఇక మూలలు. పెట్టెకి నలభై అయిదు డిగ్రీల కోతలు ఎనిమిది. ఒక్కోదాంట్లో అర డిగ్రీ తేడా వస్తే చివరి మూలలో నాలుగు డిగ్రీల సందు! మొదటి పెట్టె మూలలో నా ఏటీఎం కార్డు పట్టింది. ఆఫీసులో అయితే కంట్రోల్ జెడ్ కొట్టేవాణ్ని.

మూడో పెట్టె బాగా కుదిరింది. పాత ఆకుపచ్చ రంగంతా పోయేదాకా చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పూస్తే టేకు తేనెరంగులో మెరిసింది. ఫొటో తీసి నాన్నకి పంపా.

వెంటనే ఫోన్ చేశారు. "ఆ చెక్క మీద గీతలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. రంగు కింద ఏవో గాట్లు కనిపించాయి. పాత చెక్క కదా, మామూలే అనుకున్నా. ప్రతి సంక్రాంతికీ తాతయ్య పిల్లల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, ఎత్తు చూసి మేకుతో గీసేవారట. ఎడమవైపు నాన్నది, కుడివైపు అత్తది. నాన్న ఎత్తంతా బాల్కనీలో పొట్టయిపోయింది.

"పోన్లే" అన్నారు. కాసేపాగి, "రెండోది ముట్టుకోకు" అన్నారు.

ఆ ఇంటి అమ్మకం గొడవ తర్వాత నాన్నా, అత్తా మాట్లాడుకోవట్లేదు. రెండేళ్లవుతోంది. ఎవరిది తప్పో నేను తేల్చలేను. ఇద్దరి లెక్కలూ విన్నాను, రెండూ కరెక్టే అనిపిస్తాయి.

నెల రోజులు ముట్టుకోలేదు. తర్వాత ముట్టుకున్నా. మూడు గీతలు పడే చోటు చూసి ఎనిమిదంగుళాల మూత కోశా. పైవైపు చిత్రిక పట్టలేదు, రంగు పెచ్చులు కూడా తియ్యలేదు. అడుగు పలకకి జిగురు పెట్టకుండా గాడిలో వదులుగా కూర్చోబెట్టా. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, చోటు లేకపోతే మూలలు విడిపోతాయి. ఇది మొదటి పెట్టె నేర్పిన పాఠం.

పార్సిల్ విశాఖలో అత్తకి చేరిన రోజు ఫోన్ వస్తుందని చూశా. రాలేదు. మర్నాడు ఒక ఫొటో వచ్చింది. ఫ్రిజ్ మీద పెట్టె, మూత తీసి ఉంది, లోపల మాత్రల షీట్లు. కింద ఒకే లైను: "పై గీత నాటికి మీ నాన్న నా భుజం దాకా వచ్చేవాడు."

నాన్నకి ఫార్వర్డ్ చేశా. బ్లూ టిక్ పడింది. రాత్రి పదింటికి ఫోన్.

"ఆ మాత్రలేంటి?"

"బీపీవి నాన్నా."

"దానికి బీపీ ఎప్పట్నుంచి?"

"అత్తనే అడగండి" అన్నా. "నెంబరు మారలేదు."