ఆ రెండు స్ట్రోకులు

మా రుషికొండ నుంచి ముడసర్లోవ గోల్ఫ్ కోర్సు పెద్ద దూరమేం కాదు. అయినా మా వీధి పిల్లల్ని గోల్ఫర్ సాహిత్ తీగల ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తున్నారు. నాకు బాధేసింది, అందుకే ఈ పోస్టు.

అమ్మానాన్నలది హైదరాబాద్. కుర్రాడు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముకలో వంకర ఉండటంతో స్వింగు కూడా కాస్త వేరుగా ఉంటుంది. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. అదే తొలి పీజీఏ టూర్ టైటిల్.

నాకు మాత్రం ఆ కప్పు కంటే 2024 టూర్ ఛాంపియన్‌షిప్ ఎక్కువ. అట్లాంటాలో మూడో రౌండు, మూడో హోల్. బంతి బంకర్‌లో పడింది. కొట్టడానికి క్లబ్ వెనక్కి తీస్తుంటే ఇసుక కాస్త తగిలినట్టు అనిపించింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే రూల్స్ అధికారిని పిలిచి చెప్పాడు. బంకర్‌లో అలా ఇసుక తగలడం రూల్స్ ప్రకారం తప్పు కాబట్టి రెండు స్ట్రోకుల పెనాల్టీ పడింది.

చివరికి మూడో స్థానం. రెండో స్థానంలో ఉన్న మోరికావాకీ ఇతనికీ తేడా సరిగ్గా రెండు స్ట్రోకులే! రెండో బహుమతి 1.25 కోట్ల డాలర్లు, మూడోది 75 లక్షలు. ఆ డబ్బు పోతుందేమోనని ఒక్క క్షణం కూడా ఆగలేదు చూడండి, అక్కడ నాకు కళ్లు చెమర్చాయి.

ఆ రౌండు వీడియో దొరికితే ఇంట్లో పిల్లలతో కూర్చుని చూడండి.