బోనెక్కని కేసులు

గుంటూరు కోర్టుల్లో నేను నల్లకోటు వేసుకుని తిరిగిన రోజుల్లో మా సీనియరుగారి దగ్గరికొచ్చే ముద్దాయిల ధీమా అంతా వాయిదాల మీద, అడ్డం తిరిగే సాక్షుల మీద ఉండేది. ఏళ్లు గడిస్తే ఫిర్యాదుదారు మెత్తబడతాడు, పెద్దమనుషులు కూచుంటారు, చివరికి లోక్ అదాలత్‌లో రాజీ. డాలస్ పక్కన ప్లేనోలో కాపురం పెట్టాక వకాలతు మానేసి వేరే ఉద్యోగం చూసుకున్నాను కానీ, ‘ఈయన ఒకప్పుడు లాయరట’ అన్న పేరు మాత్రం వదల్లేదు. మనవాళ్లెవరు పోలీసుల చేతిలో పడ్డా నాకు ఫోను వస్తుంది. ‘బాబాయ్, కేసు కొట్టేయించొచ్చా?’ అన్నదే మొదటి ప్రశ్న. ఇక్కడ సలహా చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. చూసింది రాయడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు.

ఎక్కువగా వచ్చేవి మొగుడూపెళ్లాల గొడవలు. రాత్రి కోపంలో భార్య 911కి ఫోన్ చేస్తుంది. పోలీసులొచ్చి, ఒంటి మీద దెబ్బ కనపడితే అతన్ని తీసుకుపోతారు. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తే నెల నుంచి రెండు నెలల దాకా సొంతింటి గడప తొక్కే వీలుండదు. తెల్లారేసరికి కోపం దిగిపోయి ఆవిడే ‘కేసు వాపసు తీసుకుంటాను’ అంటుంది. అప్పటికే అది ఆవిడ చేతిలో ఉండదు. కాగితం మీద ‘టెక్సస్ రాష్ట్రం వర్సెస్ ఫలానా’ అని పడిపోయింది. నడపాలా, మూసేయాలా అన్నది డిస్ట్రిక్ట్ అటార్నీ ఇష్టం. మన దగ్గరా క్రిమినల్ కేసు ప్రభుత్వానిదే, కాదనను. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2003లో, భార్యను హింసించిన భర్త మీద పెట్టే 498ఏని కూడా రాజీకి వీలున్న నేరాల్లో చేర్చారు. ఇక్కడ ఆ తలుపు లేదు.

ఈ డిస్ట్రిక్ట్ అటార్నీ అనే మనిషిని మనవాళ్లు సరిగ్గా అంచనా వెయ్యరు. మన పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. పోలీసులు వేసిన ఛార్జిషీటును ఆయన నడుపుతాడు. టెక్సస్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ నాలుగేళ్లకోసారి ఓట్లడిగి గెలిచి వస్తాడు. అరెస్టు పోలీసులది, ఆ తర్వాత ఏ నేరం మోపాలి, అసలు మోపాలా వద్దా అన్న నిర్ణయం ఆయన ఆఫీసుది. పెద్ద నేరమైతే పన్నెండు మంది పౌరుల గ్రాండ్ జ్యూరీ ముందు పెట్టి తొమ్మిది మందిని ఒప్పించాలి. ఆ గదిలో జడ్జి ఉండడు, ముద్దాయి తరఫు లాయరూ ఉండడు. ఒప్పించడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

సినిమాల్లో చూసే అమెరికా కోర్టు దీని తర్వాత రావాలి. పౌరసత్వం వచ్చాక నాకు జ్యూరీ పిలుపు వస్తే, పాత వృత్తి మీద మమకారంతో మెకినీలోని కాలిన్ కౌంటీ కోర్టుకు ఉత్సాహంగా వెళ్లాను. తాగి కారు నడిపిన కేసు, చిన్న నేరం కాబట్టి ఆరుగురు జ్యూరర్లు చాలు. ఎంచుకోవడానికి ముందు ఇరుపక్షాల లాయర్లూ మమ్మల్ని ప్రశ్నలడిగారు. ‘ఒక్కడే సాక్షి, కానీ నమ్మదగ్గవాడు. శిక్షించగలరా?’ అని ప్రాసిక్యూటరు. ‘నా క్లయింటు నోరు విప్పకపోతే తప్పు చేశాడనుకుంటారా?’ అని డిఫెన్సు లాయరు. నా పక్కనున్న పెద్దాయన చెయ్యెత్తి, ‘తప్పు చేయనివాడు చెప్పుకోవచ్చుగా’ అన్నాడు. నాక్కూడా లోపల అదే తోచింది. మన దగ్గర ప్రాసిక్యూషన్ సాక్ష్యం పూర్తయ్యాక జడ్జిగారే ముద్దాయిని పిలిచి ‘దీనికేమంటావు?’ అని అడగాలి. ఇష్టం లేకపోతే జవాబు చెప్పకపోవచ్చు గానీ, అడగడం తప్పనిసరి. ఇక్కడి విచారణలో ఆ ఘట్టమే లేదు. తనంతట తాను సాక్షిగా నిలబడితే తప్ప ముద్దాయిని అడిగేవాడు లేడు.

విచారణ చూస్తాననుకుంటే, భోజనాల తర్వాత జడ్జిగారు వచ్చి ఇరుపక్షాలూ ఒప్పందానికి వచ్చాయనీ, మేం వచ్చి కూచోబట్టే అది కుదిరిందనీ చెప్పి, థాంక్స్‌తో ఇళ్లకు పంపేశారు. అప్పుడు నిరుత్సాహపడ్డాను గానీ, నేను చూసిందే అసలు అమెరికా కోర్టు. ఫెడరల్ కోర్టుల్లో పడే శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం ముద్దాయి నేరం ఒప్పుకోవడం వల్ల పడుతున్నవేనని సుప్రీంకోర్టే 2012లో రాసింది. జ్యూరీ ముందు ఓడిపోతే పడే శిక్ష పెద్దది, ఒప్పుకుంటే చిన్నది; లాయరు ఫీజూ మిగులుతుంది. దీన్నే ప్లీ బార్గెయిన్ అంటారు. 2006 నుంచి మన దేశంలోనూ అమల్లో ఉంది, వాడేవాళ్లు అరుదు.

అమెరికా పౌరుడికి ఈ బేరం చాలాసార్లు లాభమే. వీసా మీద ఉన్నవాడికి, గ్రీన్‌కార్డు ఉన్నవాడికి లెక్క వేరు. మాస్టర్స్‌కి వచ్చిన కుర్రాడొకడు షాపులో రెండు మూడు వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకుని దొరికిపోయాడనుకుందాం. ‘డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తారు. నేరం ఒప్పుకో, కొన్నాళ్లు బుద్ధిగా ఉండు, కేసు కొట్టేస్తారు’ అంటాడు లాయరు. టెక్సస్ చట్టం ప్రకారం అది నిజమే. కానీ 1996 నుంచీ ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్కలో, నేరం ఒప్పుకుని, దాని మీద జడ్జి ఏదో ఒక షరతు విధిస్తే చాలు, శిక్ష పడినట్టే. పైగా దొంగతనాన్ని ఆ చట్టం నీతిమాలిన నేరాల కిందే చూస్తుంది. ఒక కోర్టులో మాసిపోయిన కేసు వీసా కౌంటరులో బతికే ఉంటుంది.

హోండురాస్‌లో పుట్టిన హోసే పడీయా అనే లారీ డ్రైవరు నలభయ్యేళ్లకు పైగా అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో ఈ దేశం తరఫున పనిచేశాడు. గంజాయి కేసులో దొరికినప్పుడు, ఇన్నేళ్లుగా ఉన్నావు కాబట్టి ఇమ్మిగ్రేషన్ గురించి బెంగపడకని లాయరు చెప్పాడు. నేరం ఒప్పుకున్నాడు, దేశం విడిచిపోవాల్సిన పరిస్థితి తెచ్చుకున్నాడు. దేశ బహిష్కరణ ముప్పు గురించి ముద్దాయికి చెప్పడం లాయరు బాధ్యతేనని సుప్రీంకోర్టు 2010లో ఈ కేసులోనే తీర్పిచ్చింది.

ఫార్మింగ్టన్ సంగతి మనవాళ్లెవరూ మర్చిపోయి ఉండరు. మిషిగన్‌లో ప్రభుత్వమే పెట్టిన ఆ దొంగ యూనివర్సిటీ గుట్టు 2019 జనవరిలో బయటపడింది. విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు; వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. వాళ్లకు రాజ్యాంగం ఇచ్చిన రక్షణలన్నీ వర్తించాయి, స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో లాయరు సహా. చేరిన పిల్లల మీద పెట్టింది క్రిమినల్ కేసు కాదు, ఇమ్మిగ్రేషన్ కేసు. ఆ కోర్టులో జ్యూరీ ఉండదు, జడ్జి న్యాయశాఖ ఉద్యోగి, లాయరును ఎవరి డబ్బుతో వాళ్లే పెట్టుకోవాలి. తక్కువ తప్పు చేసినవాడికి తక్కువ రక్షణ. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అందుకే అడిగినవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పోలీసులతో మర్యాదగా ఉండండి, లాయరు వచ్చేదాకా జరిగింది చెప్పకండి. జైలు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే కేసు సంగతి ఎత్తకండి. ఆ ఫోన్లు రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకునేవాళ్లు దొరకరనుకోకండి. నేరం ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టే ముందు, దాన్ని ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఫీజు దగ్గర మాత్రం బేరమాడకండి.