పల్నాట సంవత్సరాది

సంవత్సరాదికి అత్తవారింటికి పోవు కోడలు చీరెయో, పండ్లో, పిల్లలకు మిఠాయియో తీసికొనిపోవుట కలదు. ఇరువదిమందికి అన్నము వండుటకు చాలిన ఇత్తడి గుండిగను దుప్పటిలో మూటగట్టుకొని రైలెక్కినవారిని మాత్రము మా సోదరీమణులు చూచియుండరు. 2025వ సంవత్సరము మార్చి 29వ తేదీన, క్రోధి నామ సంవత్సరపు కడపటి అమావాస్యనాడు, గుంటూరు స్టేషనులో మేమట్లే యెక్కితిమి. అమావాస్యనాడు ప్రయాణమేమని పొరుగింటివారు ముక్కున వ్రేలిడుకొనిరి. తెల్లవారిన విశ్వావసు ఉగాది. గుండిగ అంతకుముందే ఇల్లు చేరవలెనని మా యత్తగారి యాజ్ఞ. ఆ సంగతి ముందు చెప్పెదము.

గుంటూరునుండి మాచర్ల పోవు రైలుమార్గము సత్తెనపల్లి దాటినది మొదలు నేల రంగు మారును. పిడుగురాళ్ల సమీపించునప్పటికి సున్నపు బట్టీల ధూళిచే చెట్ల ఆకులు సహితము తెల్లబడి కనుపించును. నడికుడి, గురజాల, రెంటచింతల, ఆపైన మాచర్ల. ఈ సీమయందు రాతికి కరవు లేదు. ఇంటి నేల నాపరాయి, అరుగు నాపరాయి, గొడ్ల కొట్టములో గాడి నాపరాయి. మాచర్ల నాపరాళ్లు దూరపు జిల్లాల యిండ్లలో గూడ పరచియుండుట మన పాఠకురాండ్రలో పెక్కుమంది యెరిగినదే. ఫాల్గుణము కడపట పోయినచో రాళ్లను మించి కంటబడునవి మిరపకాయల కల్లములు. చేలగట్టుల ప్రక్కను, డొంకల వెంటను ఎఱ్ఱని తివాచీలు పరచినట్లుండును. కంటికి పండుగ, ముక్కునకు శిక్ష. మా పెట్టెలోని పసిపిల్లలందరు ఒక్కమారుగ తుమ్ముట మొదలిడిరి. ఆ యేడు మిరప ధర పడిపోయెను. క్వింటాలునకు 11,781 రూపాయలని ప్రభుత్వము ఫిబ్రవరిలో ఒక మట్టు నిర్ణయించెను గాని, కోతకూలికిని మందులకును పెట్టినది లెక్కించుకొనిన రైతులు దానిని విని సంతోషించినట్లు మాకు రైలులో నెవ్వరును కనుపింపలేదు.

పల్నాడను పేరు వినగానే కత్తులను రాళ్లను దప్ప వేరొకటి తలపనివారు కలరు. ఈ యపకీర్తి నేటిది గాదు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలోనే ఇక్కడి నీటి కరవును, జొన్నకూటిని ఎగతాళి చేసిన పద్యములున్నవి. ఆ మహాకవియే పల్నాటి వీరచరిత్రమును ద్విపదగా వ్రాసి యీ సీమ ఋణము తీర్చుకొనెను. వరియన్నము మరిగిన నాలుకకు జొన్నకూడు రుచింపకపోవుట వింత కాదు గాని, దానినే తిని పిల్లలను పెంచిన తల్లులను ఎవ్వరడిగిరి? మా యత్తగారు వారిలో నొకరు. ఆమె పదునారవ యేట ఈ పల్లెకు కాపురమునకు వచ్చినది వెనుకటి విశ్వావసులో, అనగా 1965లో. అరువది సంవత్సరములు తిరిగి అదే పేరుగల సంవత్సరము మరల వచ్చినది. తన యీడువారిలో ఇట్లు రెండు విశ్వావసులు ఈ యూర చూచినది తానొక్కతెయే యని ఆమె లెక్క.

ఆమె వచ్చిననాటికి కృష్ణమీద నాగార్జునసాగరము కట్టుచుండిరి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఆ జలాశయము క్రింద ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోయినది. మూడవ శతాబ్దిలో అచ్చట మహాచైత్యమునకు దానములు చేసినవారిలో రాజింటి స్త్రీలే ముందుండిరి. శాంతమూల మహారాజు తోబుట్టువగు చాంతిసిరి పేరు శాసనములకెక్కినది. త్రవ్వి తీసిన శిల్పములను కొండమీది వస్తుశాలలో భద్రపరచిరి. పడవపై పోయి చూడవచ్చును. ఈమారు మాకు తీరిక లేకపోయెను. కుడికాలువ నీరు వచ్చిన తరువాత పల్నాటి ముఖమే మారెను. జొన్నచేలు వరిమళ్లాయెను, మిరప వచ్చెను, ప్రత్తి పెరిగెను. ఎవ్వరికిని పట్టక మేకలకు వదలిన చెక్కలు ధర పలుకసాగెను.

మా యింటి కలహమునకు మూలము అట్టి చెక్కయే. కాలువ క్రింది యెకరమున్నర. నీరు రాకమునుపు దాని నెవ్వరును అడుగలేదు. మామగారు పోయిన తరువాత మా బావగారును మావారును దానికొరకు వాదులాడి, మాటలు మాని, ఆరేండ్ల క్రిందట పెరడు నడుమ గోడ పెట్టించిరి. వేపచెట్టు అవతలి వంతున పడెను. కొమ్మలు గోడ దాటి మావైపు వ్రాలును. పూత మా వాకిటనే రాలును. అయినను ప్రతి ఉగాదికిని మేము రామాలయము వద్ద చెట్టుపూత తెప్పించుకొనుచుంటిమి. ఇందు మా తప్పును దాచుకొనము. పాత్రలు పంచుకొను దినమున తోడికోడలితో పోట్లాడి ఈ గుండిగను మా వంతునకు వేయించుకొన్నవారము మేమే. ఆమెకు దానియందెంత మక్కువయో మాకు తెలియును. తెలిసియే పట్టుపట్టితిమి. తెచ్చినది మొదలు అది గుంటూరులో అటకమీద బోరగిలియుండెను. నలుగురమున్న సంసారములో ఇరువదిమంది గుండిగకు పని యేమి?

ముందరి సావడియు, వీధి అరుగును మాత్రము అత్తగారి జీవితాంతము పంచరాదని పెద్దమనుష్యులు చెప్పిరి. ఆమె ఆ సావడిలో ఒంటరిగా గిన్నెడు బియ్యము వండుకొనును. ఎవరింట తినినను రెండవవాడు నొచ్చుకొనునని ఇద్దరింటను ముట్టదు. డెబ్బదియారేండ్లు నిండిన యామెకు చూపు మందగించినది. శీతకాలమున పొయ్యిమీది పాత్ర దింపబోయి ముంజేయి కాల్చుకొనెను. అది జరిగిన పిదపనే మాకు టెలిఫోను చేసి, "అమ్మాయ్, గుండిగ తీసుకురా. ఈ ఏడు అందరికీ నేనే వండుతా. తినేవాళ్లు తింటారు, మిగిలింది గొడ్లకు పెడతా" అనెను. మావారు విని యేమియు ననలేదు. మూటను మాత్రము తామే మోసిరి.

ఉగాదినాడు చీకటితో లేచితిమి. తలంటులు, మామిడి తోరణములు, గడపకు పసుపు కుంకుమ, ఇవి తెలుగింట నెచ్చటనైనను నున్నవే. అత్తగారు అరుగుమీద క్రొత్త కుండ పెట్టుకొని క్రొత్త చింతపండు పిసుకుచు కూర్చుండెను. బెల్లము మేము తరిగితిమి, మామిడికాయ మా అమ్మాయి కోసెను. వేపపూత రావలసియున్నది. రామాలయమునకు పిల్లవానిని పంపబోగా ఆమె చేయి అడ్డముపెట్టెను. కొంతసేపటికి మా తోడికోడలు వీధి వైపునుండి, కొంగున పూత పోసికొని వచ్చి, మావంక చూడకయే చేటలో వంపెను. ఆరేండ్లకు దగ్గరగ చూచితిమి, జుట్టు నెరసినది. "అక్కా, కాడలు మేము ఏరుతాం" అంటిమి. "నీకు చూపానదు, కళ్లజోడు పెట్టుకో" అని ఆమె మా ప్రక్కనే కూర్చుండెను. గుండిగ మాట ఆమె యెత్తలేదు, మేమెత్తలేదు. అది సావడిలో పొయ్యిమీద మసలుచుండెను.

పిల్లలు ముందు వచ్చిరి. వారికి గోడ సంగతి తెలియును గాని దానిని లెక్కచేయు వయస్సు కాదు. బావగారు స్నానము చేసి, విభూతి పెట్టుకొని, ఎండ అరుగెక్కిన తరువాత వచ్చి తల్లికి నమస్కరించిరి. ఆమె దోసిట పచ్చడి పోసెను. మావారు స్తంభము ప్రక్క నిలిచియుండిరి. బావగారు నోట వేసికొని కొంతసేపు ఊరకుండి, ఎవరినీ చూడక, "ఉప్పు తక్కువైంది" అనిరి. అత్తగారు కదలలేదు. మేమును తోడికోడలును ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి గాని లేవలేదు. మావారు లోనికి పోయి ఉప్పుజాడి తెచ్చి అన్నగారి ముందు పెట్టిరి. ఆయన చిటికెడు తీసికొనిరి. నిజమునకు ఉప్పు సరిపోయియే యుండెను; మేము ముందే రుచి చూచితిమి.

మధ్యాహ్నము సావడిలో పదునెనిమిది ఆకులు పడెను. అన్నదమ్ములు రెండు కొసల కూర్చుండిరి. నడుమ పిల్లలు. గుండిగలో మిగిలినది పట్టెడు. గొడ్లకు పెట్టుట కేమియు లేకపోయెను.

సాయంకాలము గుడివద్ద పంచాంగ శ్రవణము. ఉగాది ఆదివారము పడుటచే ఆ యేటికి రాజు సూర్యుడని సిద్ధాంతిగారు చదువగా, "మనకు వేరే రాజెందుకు? రెంటచింతల ఎండ చాలదా?" అని ఎవరో అనిరి. అందరును నవ్విరి. వడగాడ్పుల వార్తలు వచ్చునప్పుడు పత్రికలలో ఆ యూరి పేరు తరచుగ నుండును. ఆదాయ వ్యయములు విని ఎవరి లెక్క వారు వేసికొనిరి. 2022లో శుభకృత్ ఉగాది ఏప్రిల్ 2న రాగా, రెండు దినములకు, 4వ తేదీన, నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడెను. సంవత్సరాది వేళకు జిల్లాయే వేరు కాపురము పెట్టెనని మా అత్తగారు దానినిగూడ పంపకములలో చేర్చి చెప్పును.

మరునాడు స్త్రీలము మువ్వురము గురజాల మీదుగా కారెంపూడి పోయితిమి. పండ్రెండవ శతాబ్దిలో దాయాదులు రక్తము చిందించిన చోటది. గురజాల నేలిన నలగామరాజును, మాచర్ల కేగిన మలిదేవుడును ఒకే తండ్రి బిడ్డలు. అనుగురాజునకు పల్నాడు మామగారిచ్చిన అరణమని కథ చెప్పుదురు. ఆడుబిడ్డతో వచ్చిన నేలకొరకు మగవారు పోరాడిరన్నమాట. ఊరి ప్రక్క నాగులేరు పారుచున్నది. వీరుల గుడిలో వారి ఆయుధములను పూజింతురు. కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని యుత్సవములు జరుగును. మేము పోయినది చైత్రమగుటచే జనసమ్మర్దము లేదు.

బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక చాపపై కూర్చుండబెట్టి పెట్టిన చాపకూడును మందపోరునాడు నేటికిని జరుపుదురు. పాఠకురాండ్రు చదివి పొంగిపోవు ఘట్టమది. మాకు మాత్రము ఎప్పుడును ఒక సందేహము: అంతమందికి వండినదెవరు? కథలో వారి పేర్లు లేవు. నాగమ్మ మంత్రిత్వము నెరపినందుకు నేటికిని తిట్లు పడుచున్నది. ఆమెచే మంత్రాంగము నడిపించుకొన్న రాజు నంతగ తిట్టువారు లేరు. ఈ మాట పైకి అనగా తోడికోడలు నవ్వి, "సంధికొచ్చిన అలరాజుకు విషం పెట్టారంట గదా. మన ఇంట్లో ఉప్పు దగ్గరే ఆగింది, నయం" అనెను. అత్తగారికి సరిగా వినబడక మరల చెప్పుమనెను. చెప్పిన తరువాత చాలసేపు నవ్వెను.

మాచర్ల చెన్నకేశవుని దర్శించి, చంద్రవంక యొడ్డున కొంతసేపు కూర్చుండి తిరిగి రావలెనని యుండెను. చైత్రమున నచ్చట తిరునాళ్ల జరుగును. కాని అత్తగారికి మోకాళ్లు నొప్పులగుటచే ఇంటికే మరలితిమి. త్రోవలో తోడికోడలు ఆటోబండి నాపించి, గురజాలలో వంటసోడాయు చింతపండును కొనెను. ఆ చింతపండు గుండిగ తోముటకని మాకు తరువాత తెలిసినది.

బయలుదేరునాడు మూట కట్టబోగా గుండిగ కనుపింపలేదు. గోడ అవతల బావివద్ద బోర్లించియుండెను, బంగారమువలె మెరయుచు. "ఉండనీ" అని మావారితో మేమే అంటిమి. అత్తగారు రాత్రిళ్లు ఇకమీదట పెద్దకోడలియొద్ద తినుటకు ఒప్పుకొనెను; పగటిపూట మాత్రము తన పొయ్యి తనదే నట. గోడ యున్నది. వ్యాజ్యమును కోర్టులో నున్నది.

స్టేషనుకు బావగారు వత్తురనుకొనలేదు. మిరపకాయల సంచి పట్టుకొని వచ్చి పెట్టెలో నుంచి, దిగబోవుచు మావారితో అనిరి: "వాయిదాకి తెల్లవారుజామున గుంటూరులో బయలుదేరి ఏం వస్తావు? ముందురోజే ఇంటికి రా. పొద్దున్నే ఇద్దరం ఒక బండి మీదే కోర్టుకు పోదాం. పెట్రోలన్నా కలిసొచ్చుద్ది."

మావారు సరే ననిరి.