చిన్నోడి నంబరు

మీ సంఘములో ఆరాధనకు ముందు మొట్టమొదట వినబడు ప్రకటన ఏది? మా సంఘములోనైతే, "దయచేసి సెల్ ఫోనులు ఆపుకొనుడి" అనునదే. అప్పుడు పెద్దలమైన మేము వెనుకకు తిరిగి యౌవనస్థులవైపు చూతుము. క్రిందటి మాసము ప్రసంగము నడుమ మ్రోగినది నా ఫోనే. ఆ సంగతి అటుండనిండు.

నా బాల్యమున మా ఊరిలో టెలిఫోను లేదు. 1882 నాటికే కలకత్తా, బొంబాయి, మద్రాసు పట్టణములలో ఎక్స్ఛేంజీలు తెరవబడినవి గాని, మా పల్లెకు ఆ తీగ వచ్చుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. దూరపు ఊరివారితో మాటలాడవలెనన్న పట్టణములోని తపాలా కార్యాలయమునకు నడచిపోయి, ట్రంకు కాల్ వ్రాయించి, బల్లమీద కూర్చుండి పిలుపుకొరకు కనిపెట్టవలెను. మూడు నిమిషములకు ఒక లెక్క. లైను దొరికిన తరువాత కేకలు వేయవలసి వచ్చెడిది. మన ఇంటి సంగతి అక్కడున్నవారందరును వినెడివారు. మా తాత చనిపోయిన వర్తమానమును మా నాయన అట్లే కేకవేసి చెప్పెను. ఏడ్చుటకు ఆ మూడు నిమిషములలో ఆయనకు సమయము చిక్కలేదు.

ఆపరేటరు అవసరము లేకయే నంబరు త్రిప్పి మాటలాడు ఎస్.టి.డి. పద్ధతి 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఆరంభమాయెను. అది పసుపు బోర్డు గల చిన్న గదియై మా ప్రాంతమునకు వచ్చునప్పటికి నేను ఇద్దరు బిడ్డల తండ్రిని. రాత్రి పొద్దుపోయిన తరువాత రుసుము తగ్గును గనుక అందరమును అప్పుడే పోయి వరుసలో నిలిచెడివారము. నేనును నా తమ్ముడును వారమునకొకసారి మాటలాడుకొనెడివారము. మీటరుమీద ఎర్ర అంకెలు పరుగెత్తుచుండగా, ఏ మాట చెప్పవలెనో ఏది మానవలెనో త్వరగా తెలిసెడిది.

1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు ఢిల్లీలోని సుఖరామ్‌తో మాటలాడుటతో మన దేశములో సెల్ ఫోను మొదలాయెను. కొన్ని ఏండ్లకు అది నా జేబులోనికిని వచ్చినది. ఆ దినములలోనే అమ్మ ఇంటి వెనుక స్థలము విషయమై నాకును తమ్మునికిని మాటలు నిలిచిపోయెను. ఎంత స్థలమని అడుగుదురేమో. ఆరు సెంట్లు.

నా మనుమరాలి తరమువారు నంబరు త్రిప్పుట ఎరుగరు. మొగము చూచుచు మాటలాడుదురు. వీరు ఫోనువలన చెడిపోయిరని మనము సణుగుదుము. నేను ఇక సణుగలేను. మొన్న క్రిస్మసు సెలవులలో ఆ పిల్ల నా ఫోనులోని పేర్లు సవరించుచు, "తాతయ్యా, చిన్నోడు అని ఒక నంబరుంది. మీరెప్పుడూ ఫోన్ చెయ్యరుగా, తీసెయ్యనా? అసలు చిన్నోడంటే ఎవరు?" అని అడిగెను.

పదునాలుగేండ్ల పిల్ల. తన చిన్నతాత ముద్దుపేరును ఆమె మా ఇంట ఒక్కసారియు వినలేదు.

మత్తయి సువార్త అయిదవ అధ్యాయములో, అర్పణము తెచ్చినవాడు దానిని అక్కడనే విడిచి ముందుగా సహోదరునితో సమాధానపడవలెనని మన ప్రభువు చెప్పిన సంగతి మీరెరుగుదురు. దానిపై నేనే రెండుసార్లు వాక్యము చెప్పియున్నాను. ఆ మాట వినినవారు గలిలయలోనుండిరి, బలిపీఠము యెరూషలేములోనుండెను. ఇంటికి తిరిగివచ్చి సహోదరుని చూచి మరల పోవలెనన్న ఎన్ని దినముల నడకయో చూడుడి. నా దారి బొటనవ్రేలి క్రిందనేయుండెను. ఏండ్ల తరబడి ప్రతి ఆదివారము ఆ ఫోనును జేబులో పెట్టుకొనియే నేను కానుక వేసితిని.

ఆ రాత్రి ఫోను చేసితిని. చాలాసేపు మ్రోగినది. "ఎవరండీ?" అనెను తమ్ముడు. నా నంబరు వానియొద్ద లేదు. "నేనురా" అంటిని. మీటరు లేదు గనుక ఇద్దరమును ఏమియు పలుకక అట్లే యుంటిమి. వాడు దగ్గెను, అచ్చముగా మా నాయన దగ్గే. తరువాత, "అన్నం తిన్నావా అన్నా?" అని అడిగెను.

స్థలము సంగతి ఇంకను తేలలేదు. వచ్చే ఆదివారము ఆరాధనకు వాడు మా ఊరు వచ్చుచున్నాడు.