తప్పు కుర్రాడిది కాదండీ

సర్వర్ లేవకపోతే ముందు తిట్లు తినేది దాన్ని ఆఖరున ముట్టుకున్నవాడే. ఆ రాత్రి ఆ వంతు మా పిన్ని కొడుక్కి వచ్చింది. ఏలూరులో ఒక చేపల వ్యాపారి దగ్గర వాడిది కంప్యూటర్ పని. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే బొచ్చె, శీలావతి తూకాలు, రైతులకు ఇవ్వాల్సిన డబ్బులు, లారీ బిల్లులు అన్నీ ఒకే ఉబుంటు మెషీన్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో ఉంటాయి. డిస్క్ నిండిపోయిందని వాడు కొత్త డిస్క్ పెట్టి, డేటా ఫోల్డర్ అందులోకి మార్చి, కాన్ఫిగ్ ఫైల్లో దారి సరిచేశాడు. ఆ తర్వాత మైఎస్‌క్యూఎల్ లేవలేదు.

రాత్రి పదకొండింటికి తాడేపల్లిగూడెంలో ఉన్న నాకు ఫోన్ కొట్టాడు. "అన్నా, ఓనరుగారు వేరే ఎవరినో పిలిచి ఫార్మాట్ కొట్టించేస్తానంటున్నారు. నా ఉద్యోగం గోవిందా!" వెనకాల ఆయన గొంతు కూడా వినబడుతోంది: "తెల్లారేసరికి కలకత్తా బండి ఎత్తాలండీ, బిల్లు లేకుండా ఎలాగండీ?" పాత డిస్క్‌కే వెనక్కి వెళ్దామంటే అందులో జాగా లేదు.

ఇంట్లోంచే ఆ మెషీన్‌లోకి లాగిన్ అయ్యా. లాగ్‌లో ఉన్నది ఒకటే మాట: ఎర్రర్ 13, పర్మిషన్ డినైడ్. తీరా చూస్తే ఫోల్డర్ ఓనర్ మైఎస్‌క్యూఎల్ యూజరే, పర్మిషన్లూ సరిగ్గానే ఉన్నాయి. ఇలాంటప్పుడు నెట్‌లో ముందుగా దొరికే సలహా 'సీహెచ్‌మోడ్ 777'. అంటే ఎవరైనా రావచ్చు, ఏమైనా రాయచ్చు అని తలుపులన్నీ తీసిపెట్టడం. నాకు ఆ మందంటే ఒళ్లుమంట. పోస్ట్‌గ్రెస్‌లో అయితే డేటా ఫోల్డర్‌ని అలా బార్లా తెరిస్తే అసలు స్టార్ట్ అవనే అవదు.

అందుకే ఎస్‌ట్రేస్ తీశా. 1991లో పాల్ క్రానెన్‌బర్గ్ సన్ఓఎస్ కోసం రాసిన పనిముట్టు ఇది, తర్వాత లినక్స్‌కి వచ్చింది. ఇదేం చేస్తుందో మన కొల్లేరుతో చెప్తా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎక్కడెక్కడి నీళ్లో తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఆ నీళ్లు సముద్రానికి పోవాలంటే మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. ప్రోగ్రామ్ కూడా అంతే. లోపల ఎన్ని లెక్కలైనా వేసుకోవచ్చు. ఫైల్ తెరవాలన్నా, నెట్‌లో ఏదైనా పంపాలన్నా కెర్నెల్‌ని అడగాల్సిందే. ఆ అడగడమే సిస్టమ్ కాల్. ఎస్‌ట్రేస్ ఉప్పుటేరు గట్టున కూచుని, ఏం అడిగారో, ఏం జవాబొచ్చిందో లైను లైనుగా రాసిపెడుతుంది. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే. ఇది చదువుతున్నప్పుడు కూడా లోపల ఆ అడగడాలు జరుగుతూనే ఉన్నాయి.

మైఎస్‌క్యూఎల్‌ని ఎస్‌ట్రేస్ కింద నడిపితే ఫైల్ నిండా లైన్లే. 'ఈనోఎంట్' అని చాలాసార్లు కనబడుతుంది, కంగారు పడక్కర్లేదు. కాన్ఫిగ్ ఇక్కడుందా, అక్కడుందా అని వెతుక్కోవడం అది. నేనైతే చివర్నుంచి పైకి చదువుతా. దొరికింది: ఓపెన్‌యాట్, కొత్త డిస్క్‌లో ఒక ఫైల్ పేరు, పక్కనే మైనస్ వన్, ఈయాక్సెస్. అంటే కాదన్నది మైఎస్‌క్యూఎల్ కాదు, కెర్నెల్.

అప్పుడు అదే మైఎస్‌క్యూఎల్ యూజర్ పేరుతో, అదే ఫోల్డర్‌లో చేత్తో ఒక ఖాళీ ఫైల్ చేయించా. చక్కగా అయింది! మనిషి అదే, చోటు అదే. చేత్తో చేస్తే అవుతోంది, సర్వర్ చేస్తే అవట్లేదు. అంటే పర్మిషన్లు కాకుండా, ప్రోగ్రామ్ పేరు చూసి ఆపేవాడు ఇంకొకడు మధ్యలో ఉన్నాడన్నమాట.

వాడి పేరు యాప్‌ఆర్మర్. 2010 నుంచి లినక్స్ అసలు కెర్నెల్లోనే ఉంది, ఉబుంటులో మామూలుగా ఆన్ అయ్యే ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ఏయే ఫోల్డర్లు ముట్టుకోవచ్చో దాని దగ్గర చిట్టా ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ చిట్టాలో పాత ఫోల్డర్ ఉంది, కొత్త డిస్క్ లేదు. కెర్నెల్ లాగ్ చూస్తే యాప్‌ఆర్మర్, డినైడ్, ఆ ఫైల్ పేరు అన్నీ వరసగా ఉన్నాయి. దొంగ ఎవరైనా మైఎస్‌క్యూఎల్‌లో దూరితే మిగతా మెషీన్ పాడవకుండా ఆపేది ఈ కాపలాయే, అందుకని దాన్ని మొత్తం ఆపేయలేదు. లోకల్ ఫైల్లో కొత్త ఫోల్డర్‌కి రెండు లైన్లు తమ్ముడి చేతే రాయించి, ప్రొఫైల్ రీలోడ్ చేయించా.

ఒంటిగంట దాటాక సర్వర్ లేచింది. రైతుల ఖాతాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాడు కలకత్తా బండి బిల్లు కొడుతుంటే ఓనరుగారు ఫోన్ తీసుకున్నారు.

"ఇంతకీ కుర్రాడు ఏం తప్పు చేశాడండీ?"

"ఏమీ లేదండీ," అని ట్రేస్‌లోని ఆ ఒక్క లైనూ, కెర్నెల్ లాగ్‌లోని లైనూ ఆయన వాట్సాప్‌కి పంపా. ఆయనకి ఎంత అర్థమైందో గానీ, ఫార్మాట్ మాట మళ్లీ ఎత్తలేదు.