కరెంటు తీసేసినా చెరగని కాగితం

నేను బి.కాం. చదివినవాణ్ణి. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా నా చూపు ముందు స్టాకు రిజిస్టరు మీదకే పోతుంది. ఆ మధ్య బెంగుళూరు పీణ్యాలో ఒక చిన్న యూనిట్‌ అప్పుకి దరఖాస్తు పెట్టుకుంటే ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళాను. సూపర్‌మార్కెట్లలో పప్పులూ ఉప్పులూ పెట్టే అరల అంచున ధర చూపించే చిన్న పలకలు చూసే ఉంటారు. అక్కడ చేసేవి అవే. ఆ పలక ముఖమే ఎలక్ట్రానిక్‌ కాగితం.

అమెరికాలో ఎం.ఐ.టి.కి చెందిన జోసెఫ్‌ జేకబ్‌సన్‌, ఆయన విద్యార్థుల కృషితో 1997లో ఇ-ఇంక్‌ కంపెనీ పుట్టింది. 2007లో కిండిల్‌ వచ్చాక ఈ కాగితం ఇళ్ళలోకి చేరింది. వెంట్రుకంత సన్నని బుడగల్లో తెల్ల రేణువులూ, నల్ల రేణువులూ ఉంటాయి. ఒక రకానికి ధన విద్యుత్తు, రెండో రకానికి ఋణ విద్యుత్తు. మా భాషలో జమా, ఖర్చూ అనుకోండి! కింది పొరలో కరెంటు పెట్టగానే ఒక రంగు పైకి తేలుతుంది, రెండోది అడుగుకు పోతుంది. ఆపైన కరెంటు తీసేసినా ఎక్కడివక్కడే. ధర మార్చినప్పుడే బ్యాటరీకి పని.

అసలు చిక్కంతా పొరలు అతికించడంలో ఉంది. నాకు టోపీ, గౌను, కాళ్ళకు తొడుగులు వేసి లోపలికి పంపారు, ఆపరేషన్‌ థియేటర్‌కి పంపినట్టు. బుడగలు పరిచిన ఫిల్ము విదేశం నుంచి వస్తుంది. దాన్ని ట్రాన్సిస్టర్లు పరిచిన అద్దం మీద అతికించాలి. ఆపైన తేమ చొరబడని పొర, అంచుల చుట్టూ జిగురు కట్టు. ఒక్క దుమ్ము కణం, చిన్న గాలి బుడగ చాలు. అప్పడాల పిండిలో ఇసుక పడితే పిండే పోతుంది. ఇక్కడ ఫిల్ముతో పాటు అద్దమూ పోతుంది. అతికాక ఊడదీయడమన్నది లేదు.

చిత్రమేమిటంటే, పక్కనున్న జాలహళ్ళిలోనే 1991లో ప్రొఫెసర్‌ ఎస్‌. చంద్రశేఖర్‌ ద్రవ స్ఫటికాల పరిశోధన కేంద్రం పెట్టారు. ఆయన సి.వి. రామన్‌ గారి మేనల్లుడు. ద్రవ స్ఫటికాలంటే మన కాలిక్యులేటర్లలో అంకెలు చూపించేవి. విద్య వేరే అయినా, తెరల శాస్త్రం ఆ పేటకి కొత్త కాదు.

సరే, నా గొడవకి వస్తాను. విప్పని ఫిల్మును హామీగా రాసుకోవచ్చు. సగం అతికిన సరుకు మాటేమిటి? రేపు యూనిట్‌ మూతపడితే చిత్తు ధరకి కూడా ఎవరూ కొనరు. విలువంతా పొరల్ని గురి తప్పకుండా పేర్చే ఆ అమ్మాయిల చేతుల్లో ఉంది. దానికి మా ఫారంలో గడి లేదు. మడకశిర నుంచి వచ్చిన ఒకమ్మాయి నా తెలుగు విని, మాస్కు వెనకనుంచే, "లోను వస్తుందా సార్‌?" అని అడిగింది. వాళ్ళ చెల్లెలు కూడా అక్కడే పనిలో చేరిందట.

స్టాకు మీద మార్జిన్‌ పెంచి, పాడైన ముక్కల లెక్క నెలనెలా చూపించాలని షరతు పెట్టి, ఇవ్వవచ్చునని రాశాను. ఫైలు పై ఆఫీసులో ఉంది.