విరామంలో మాట

చూసేవాళ్ళకి విరామమంటే లేచి ఒళ్ళు విరుచుకునే టైము. మాలాంటోళ్ళకి కులం బయటపడే టైము. ఆట నడిచినంతసేపూ ఒకడిమీద ఒకడు పడి దొర్లతాం. ఈల వేయగానే ఎవరి గ్లాసు వాళ్ళది.

పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టిన స్పిన్ బౌలర్. 1911లో భారత జట్టుతో ఇంగ్లండు వెళ్ళి వందకు పైగా వికెట్లు తీశాడు. అంతకుముందు పూనాలో హిందువుల జట్టుకి ఆడేటప్పుడు టీ విరామంలో ఆయనకి పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ ఇచ్చేవాళ్ళు. ఆయన వేసిన బంతిని పట్టిన చేతులు ఆయన తాగిన కప్పుని మాత్రం ముట్టుకోలేదు.

మా అమ్మ మిరపకోతలకి పోయి నన్ను చదివించింది. ఏడో తరగతిలో కబడ్డీ జట్టులో ఉండేవాణ్ణి. విరామంలో మా వాడ పిల్లలకి నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. గెలుస్తుంటే "వాడోళ్ళకి ఒంట్లో బలముందిరా" అనేవాళ్ళు. ఓడుతుంటే "బలముంటే చాలదు, బుర్రుండాలి" అనేవాళ్ళు. మెచ్చుకున్నా తిట్టినా మాట మా పుట్టుక మీదే. ఏ కాలు ఎక్కడ వేయాలో ఒక్కరూ చెప్పలా.

ఇప్పుడు సర్కారు బళ్ళో సోషల్ సారుని. సాయంత్రాలు పిల్లకాయలకి కబడ్డీ నేర్పుతున్నా. చిన్నపిల్లల ఆటలో 15 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. మొదటి నిమిషం నేను నోరు తెరవను. రొప్పే పిల్లాడి చెవికి మాటెక్కదు. ఒకే బిందె, ఒకే గ్లాసు. ముందు తాగేది ఎక్కువసార్లు అవుటైనవాడు.

తర్వాత వాళ్ళనే అడుగుతా: "అవతలి కూతగాడు ఏ కాలు ముందేస్తున్నాడ్రా?" వాళ్ళు చూసింది వాళ్ళ నోటే రావాలి. ఆపైన రెండే మాటలు. "మూలనున్నోడు వాడు వెనక్కి తిరిగిందాకా ఆగి చీలమండ పట్టాలి. పక్కోడు వెంటనే నడుం అందుకోవాలి." అంతే. ఒక్కడి తప్పు ఒక్కడికే, పక్కకి పిలిచి చెబుతా. చేసిన పని గురించి చెబితే పిల్లోడు మార్చుకుంటాడు. పుట్టుక గురించి చెబితే ఏం మార్చుకుంటాడు?

మొన్న ఒక పిల్లాడి నాయనొచ్చి, "మావాడికి వేరే గ్లాసు పెట్టండి సార్, జలుబు చేస్తంది" అన్నాడు. ఆ జలుబు ఎన్నేళ్ళదో నాకు తెలుసు. కుదరదన్నా. పై ఆఫీసుకి కాయితం పెడతానన్నాడు. పెట్టుకోనీ. పిల్లాడు మాత్రం ఆట మానలా.

మీటింగుల్లో మాట్లాడే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక సాయంత్రం మీ ఊరి బడి మైదానానికి కూడా పోండి. ఆ అయిదు నిమిషాలు పిల్లలతో ఎవరు మాట్లాడుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో దగ్గరుండి వినండి.